ఒకే కవరులో రెండు ఉత్తరాలు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం నేను పప్పుకు తాలింపు వేస్తుండగా ప్రవీణ్ వచ్చాడు. ప్రవీణ్ ధహ్రాన్‌లో ఇంజనీరు. మంచివాడే, కాని సరిగ్గా నా వంట అయ్యే వేళకే అతనికి సంఘసేవ గుర్తుకొస్తుంది. చేతిలో ఫోను, ఫోనులో ఒక ఉత్తరం. వచ్చే నెల మన దేశం నుంచి ఎవరో పెద్ద అధికారి ఇటు వస్తున్నాడట. ఆయన ముందు ఖోబర్, ఖతీఫ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరి తరఫునా నిలబడే అసలైన, సిసలైన, ఏకైక ప్రతినిధి తమ సంఘమేనని, ఆ రెండో సంఘం ఒట్టి వాట్సాప్ గుంపని ఉత్తరం సారాంశం. కింద సంతకాలు. పాతకాపుని కాబట్టి నా సంతకం అన్నిటికంటే పైన ఉండాలట.

"వాళ్ళు గానీ రాలేదు కదా అంకుల్ మీ దగ్గరికి?" అన్నాడు అనుమానంగా.

"పొద్దున్నే వచ్చిన్రు. టీ తాగి పోయిన్రు. గిదే ఉత్తరం. మీ పేరున్న కాడ వాళ్ళ పేరుంది, వాట్సాప్ గుంపు అన్న కాడ మీ పేరుంది."

"మరి సంతకం పెట్టేశారా?"

"పప్పు మాడుతుంది, జర పక్కకు జరుగు సారూ."

నిజానికి పప్పు మాడలేదు. మాడింది నా బుర్ర. ఈ గల్ఫు దేశంలో నా జీవితం ముప్పాతిక గడిచింది. నేను వచ్చినప్పుడు ఇసుక ఉన్నచోట ఇప్పుడు అద్దాల మాల్స్ ఉన్నాయి. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా, జేబులో నలిగి చిరిగే ఆ కార్డు, ఫోనులోకి దూరింది. ఆడవాళ్ళు కార్లు నడుపుతూ నాకు హారన్ కొడుతున్నారు. ఇన్ని మారాయి గాని, నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే అయిదోవాడు రబ్బరు స్టాంపు చేయించడానికి బజారుకు బయలుదేరే అలవాటు మాత్రం మారలేదు. ప్రవీణ్‌కు అన్నం పెట్టి, సంతకం పెట్టకుండా పంపించాను. అతను వెళ్ళాక గిన్నెలు కడుగుతూ నిలబడితే, ఆ పాత క్యాంపు మొత్తం, దాని వాసనతో సహా, నా చిన్న వంటగదిలోకి వచ్చి కూర్చుంది.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. లెక్కల సారు నన్ను మానేశాడంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. అయితే నా చేతిరాత ముత్యాల్లా ఉండేది. చదువు రానివాడికి ఆ రాత ఎందుకిచ్చాడో దేవుడికే తెలియాలి. జగిత్యాల పక్క పల్లె నుంచి మీసాలు సరిగ్గా మొలవకముందే పైపులు బిగించే పనికి ఈ గడ్డ మీద దిగాను. మా క్యాంపు ఖతీఫ్‌కు ధహ్రాన్‌కు నడుమ ఉండేది. ఒక పక్క ఖర్జూరపు తోటలు, ఒక పక్క పైపుల యార్డు. గాలి సముద్రం మీది నుంచి వస్తే చేపల వాసన, ప్లాంటు మీది నుంచి వస్తే కుళ్ళిన గుడ్ల వాసన. ఏ గాలీ లేకపోతే మా వాసనే, ఆరుగురికి ఒక గది చొప్పున ఎండిన చెమట వాసన. తెల్లవారుజామునే బాత్రూముల ముందు బకెట్లు వరుసలో నిలబడేవి, వాటి వెనక మనుషులు తూగుతూ నిలబడేవాళ్ళు. ఉతికిన బట్టలు ఏసీ పెట్టెల వెనక వేడిగాలికి ఆరేసేవాళ్ళం. పావుగంటలో అప్పడాల్లా ఆరేవి. తొడుక్కుంటే విరుగుతాయేమోనని భయమేసేది.

ఆ క్యాంపు చుట్టూ కంచె, కంచెకు ఒకటే గేటు. గేటు లోపల రాజ్యం కంపెనీది. ఎవడు ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు తినాలి, గోడకు ఏ క్యాలెండర్ తగిలించాలి, అన్నీ కంపెనీయే చెప్పేది. బయటి పోలీసు కూడా గేటు దగ్గరే ఆగి కబురు పంపేవాడు. మా ఎంబసీ వాళ్ళు వచ్చినా కంపెనీ కాగితం చూపించాకే గొలుసు దిగేది. లోపల మమ్మల్ని ఏలేవాడు క్యాంపు మేనేజరు, ఈజిప్టు దేశపు పెద్దమనిషి. అందరం ముదీర్ అనేవాళ్ళం. పొట్ట ఆయనకంటే రెండడుగులు ముందు నడిచేది. మా వంటవాడు తాతయ్య యానాం మనిషి. క్యాంపులో అందరికంటే పెద్ద. ఆయన గరిటె తిప్పుతూ చెప్పేవాడు: "మా తాతల కాలంలో మా ఊరిని ఫ్రెంచోళ్ళు ఏలేవారండీ. చుట్టూ ఇంగిలీషోళ్ళ రాజ్యం, మధ్యలో మా చిటికెడంత ఊరు. వీధి చివర గీత దాటితే వేరే దొర, వేరే సలాం. ఊరి తరఫున దొర దగ్గర ఎవరు మాటాడాలని మా పెద్దోళ్ళు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారంట. దొరకి మాత్రం మా బాగా కులాసాగా ఉండేదంటండీ. వీళ్ళు వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటుంటే ఆయన్ని అడిగేవోడేడీ?" అని పప్పు రుచి చూసి, ఉప్పు చాలదన్నట్టు మొహం పెట్టేవాడు. ఆ మొహం పప్పు గురించో, మా గురించో చెప్పడం కష్టం.

మాకు ఇద్దరు అధ్యక్షులు ఉండేవాళ్ళు. ఒకరు రాజలింగం కాక. మా జగిత్యాల పక్కవాడే, వెల్డింగ్ మేస్త్రీ. నుదుట కుంకుమబొట్టు, నిద్రలో కూడా చెదరని తలపాగా. నవ్వితే గోడలు అదిరేవి. రెండోవారు సూరిబాబు గారు. కాకినాడ మనిషి, స్టోరు కీపరు. రోజుకు రెండుసార్లు స్నానం, మూడుసార్లు అత్తరు. ఇస్త్రీ చొక్కా జేబులో మూడు పెన్నులు, మూడూ రాయవు. వీళ్ళ తగువు భోజనాల గదిలో ఏసీ కింది బల్ల దగ్గర మొదలైంది. ఆ చల్లటి బల్ల ఎవరిదన్న ప్రశ్న వారంలో మన జిల్లాలది అయింది, నెలలో ప్రాంతాలది అయింది. మా రాష్ట్రం చీలడానికి ఎన్నో ఏళ్ళ ముందే మా క్యాంపు చీలింది. ఒకే గోడకు రెండు నోటీసు బోర్డులు, రెండు సంఘాలు, రెండు లెటర్‌ప్యాడ్లు.

ముదీర్ ఇద్దరినీ పిలిచి, తన విరిగిన హిందీలో అన్నాడు: "నాకు ఒక్క మనిషి కావాలి. మీ అందరి మీద అరవాలంటే ఒక్కడి మీద అరిస్తే సరిపోవాలి. ఇద్దరి మీద అరిస్తే నా గొంతు పోతుంది. పోయి ఒకణ్ణి తేల్చుకోండి."

తేల్చుకోవడానికి చేతులెత్తే ఎన్నిక పెట్టాం. సరిసమానంగా వచ్చాయి. మిగిలిన ఒక్క చెయ్యి తాతయ్యది. క్యాంపంతా ఊపిరి బిగబట్టి ఆ చేతి వంక చూసింది. తాతయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకుని, "నాది మీ రాష్ట్రం కాదు కదండీ. మాది పాండిచ్చేరి ప్రభుత్వం. మీ ఇంటి గొడవలో నేను వేలెట్టకూడదు," అని వెళ్ళి ఉల్లిపాయలు తరుక్కున్నాడు. అంత పెద్ద రాజ్యాంగ సంక్షోభం నా కళ్ళతో నేను మళ్ళీ చూడలేదు.

ఆ తరవాత స్టాంపుల యుద్ధం. రాజలింగం కాక ఖోబర్‌లో ఒక మలయాళీ దుకాణంలో గుండ్రటి స్టాంపు చేయించాడు. సూరిబాబు గారు దానికంటే పెద్దది చేయించారు. కాక ఇంకా పెద్దది. చివరికి సూరిబాబు గారి స్టాంపు సాసరంత అయింది. దాన్ని వేస్తే ఉత్తరంలో రాయడానికి చోటుండేది కాదు, అంచుల చుట్టూ రాసేవాణ్ణి. అవును, రాసేది నేనే. క్యాంపులో ఇద్దరి ఉత్తరాలూ నా చేతిరాతే. నేను తటస్థ దేశాన్ని. ఇటు టీ తాగి వీళ్ళది రాసేవాణ్ణి, అటు టీ తాగి వాళ్ళది రాసేవాణ్ణి. ఒకసారి పంద్రాగస్టుకు ఎంబసీ నుంచి ఒక ఆఫీసరు గారు వస్తే దండ ఎవరు వెయ్యాలన్న తగువు వచ్చింది. నేనే సంధి కుదిర్చాను, దండకు చెరో కొసా పట్టుకోమన్నాను. ఇద్దరూ చెరో పక్కకు లాగి బిగించి నిలబడ్డారు. ఆయనకు తల దూర్చే సందు కనపడక, దండ కిందినుంచి వంగి అవతలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. మేం చప్పట్లు కొట్టాం. వారం రోజులు నేను ఆ వేషం వేసి చూపించి అందరినీ నవ్వించాను. అప్పట్లో నాకు లోకమంతా నవ్వించడానికి దొరికిన సరుకే.

అలాంటి రోజుల్లో గంగారాంకు అవసరం వచ్చింది.

గంగారాం నా పక్క మంచం. వెల్డర్. మాటలు తక్కువ, పని ఎక్కువ. అతని తమ్ముడు నర్సయ్యకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి, వారానికి రెండుసార్లు హైదరాబాదు తీసుకెళ్ళి రక్తం కడిగిస్తున్నారు. ఇంటికి వెళ్ళినప్పుడు గంగారాం పరీక్షలు చేయించుకుంటే, అతని కిడ్నీ తమ్ముడికి సరిపోతుందని తేలింది. ఆసుపత్రివాళ్ళు ఏర్పాట్లు చేసుకుని కబురు పెడతామన్నారు, ఈలోగా సెలవు అయిపోయి తిరిగొచ్చాడు. కబురు వచ్చింది. తమ్ముడు నీరసిస్తున్నాడు, ఆలస్యమైతే ఆపరేషన్‌కు తట్టుకోలేడు, వెంటనే రా అని. టెలిఫోను బూత్ నుంచి బయటికొచ్చి గంగారాం పొట్ట పక్కన చెయ్యి పెట్టుకుని, "అన్నా, పోవాలె. వానిది నా దగ్గరున్నది," అన్నాడు. ఎవరిదో వస్తువు పొరపాటున తన పెట్టెలో వచ్చినట్టు.

పోవడానికి అడ్డం ఒక్కటే, పాస్‌పోర్టు. మా పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలో ఉండేవి. ఆ బీరువా మీద ఏసీ ఎండాకాలమంతా కారింది. పది పన్నెండు పాస్‌పోర్టులు ఉడికిన పూరీల్లా ఉబ్బాయి, అందులో గంగారాంది ఒకటి. ఫొటోలో మొహం ఉండాల్సిన చోట నీలం మరక ఉంది. ముదీర్ దాన్ని చూసి నొచ్చుకున్నాడు. "మీ వాళ్ళ దగ్గర నుంచి ఔట్‌పాస్ తీసుకురా. తెచ్చిన మూడో రోజు దేశం దాటే ఎగ్జిట్ వీసా నేను కొట్టిస్తాను. నీ తమ్ముడి కోసం దువా చేస్తాను," అన్నాడు. ఔట్‌పాస్ అంటే పాస్‌పోర్టు లేనివాడు ఇంటికి వెళ్ళడానికి మన సర్కారు ఇచ్చే ఒంటి కాగితం. మన అధికారులు రెండు వారాలకొకసారి శుక్రవారం రియాద్ నుంచి వచ్చి ఖోబర్‌లో ఒక స్కూలు గదిలో బల్లలు వేసుకుని కూర్చునేవారు. వెళ్ళి అడిగితే ఇస్తారు. అంతే పని.

అంతే పని గనకే ఇద్దరు అధ్యక్షులకూ అది ప్రాణసంకటమైంది. ఎవరు తెచ్చిస్తే వాళ్ళే క్యాంపుకు అసలు ప్రతినిధి అయిపోతారు.

మొదటి శుక్రవారం రాజలింగం కాక ఫైలు పట్టుకుని తెల్లవారకముందే వెళ్ళాడు. సంగతి తెలిసి సూరిబాబు గారు ఇంకో ట్యాక్సీలో వెళ్ళారు. బల్ల ముందు ఇద్దరూ కలుసుకున్నారు. అక్కడేం జరిగిందో నేను చూడలేదు గాని, వరుసలో ఉన్నవాళ్ళు తరవాత చెప్పారు. ఒకరు మాట్లాడబోతే ఇంకొకరు, "ఈయనకు మా తరఫున మాట్లాడే అధికారం లేదు సార్," అన్నారట. ఆఫీసరు రెండు నిమిషాలు ఓర్చుకుని, "బయట తేల్చుకుని రండి, నెక్స్ట్," అన్నాడట. ఇద్దరూ ఎవరి ట్యాక్సీలో వాళ్ళు తిరిగొచ్చారు. రెండు వారాలు గల్లంతు.

ఈలోగా తాతయ్య రంగంలోకి దిగాడు. భోజనాల గదిలో ఇద్దరినీ కూర్చోబెట్టి, పెసరట్లు పోసి పెట్టి, ఒడంబడిక చేయించాడు. ఇద్దరూ కలిసి వెళ్ళాలి, చెరో ఉత్తరం ఇవ్వాలి, కవరు మాత్రం ఒకటే ఉండాలి. రాసేది తటస్థ దేశం. నేను పెన్ను తీశాను.

రాజలింగం కాక ఉత్తరం చెప్పాడు. గంగారాం మా మనిషే, మా క్యాంపువాడే, ఔట్‌పాస్ ఇవ్వగలరు. బాగుంది. చివర, "ఇంకో ముచ్చట రాయిరా మల్లేశం. ఈ క్యాంపుకు నేనొక్కణ్ణే ప్రతినిధిని, ఇంకెవ్వలన్న ఉత్తరం ఇస్తే గది చెల్లదు అని రాయి," అన్నాడు.

"కాకా, గాయిన ఉత్తరం గీ కవర్లనే ఉంటది గదనే."

"ఉంటే ఉండనీ. నాది పైన పెట్టు."

తరవాత సూరిబాబు గారు వచ్చారు. ఆయన ఉత్తరం ఇంకా నాజూగ్గా ఉంది. చివర, "మల్లేశం గారూ, ఒక్క లైను చేర్చండి. ఇతరులెవరైనా ప్రతినిధినని రాసుకొచ్చినట్టయితే దయచేసి గుర్తించవద్దని ప్రార్థన. అబ్బే, ఎవర్నీ ఉద్దేశించి కాదండీ, ఊరికే జనరల్‌గా," అన్నారు.

నేను రాశాను. రెండూ ముత్యాల్లా రాశాను. రాస్తూ లోపల్లోపల పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాను. ఆఫీసరు ఈ రెండూ చదివేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఊహించుకుని, తరవాత వారం రోజులకు వేషం సిద్ధమైందనుకున్నాను. గంగారాం మంచం మీద కూర్చుని నా చెయ్యి వంకే చూస్తున్నాడు. అతనికి చదవడం సరిగ్గా రాదు, కాని కాక చెప్పింది, సూరిబాబు గారు చెప్పింది విన్నాడు.

"అన్నా, గిట్ల రాస్తే నడుస్తదా?" అన్నాడు.

"నడుసుడేందిరా, ఉరుకుతది," అన్నాను. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. మర్యాద కోసం అతనూ నవ్వాడు.

రెండో శుక్రవారం నేను కూడా వెళ్ళాను, నవ్వుకోవడానికి. ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకున్న సౌమ్యుడు. ముందున్న కప్పులో టీ చల్లారిపోయింది. కవరు విప్పి పై ఉత్తరం చదివాడు. కింది ఉత్తరం చదివాడు. మళ్ళీ పై ఉత్తరం చదివాడు. స్టాంపును అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పటికి నాకు నవ్వు ఆగడం లేదు. ఆయన హిందీలో నెమ్మదిగా అన్నాడు: "ఈయన మాట నమ్మితే ఆయన ఉత్తరం చెల్లదు. ఆయన మాట నమ్మితే ఈయనది చెల్లదు. ఇద్దరినీ నమ్మితే ఏదీ చెల్లదు. పోనీ, ఈ రెండూ పక్కన పెడతాను. మనిషి ఏడీ?"

ఇద్దరు అధ్యక్షులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నేళ్ళలో వాళ్ళు అలా చూసుకోవడం అదే మొదటిసారి.

"క్యాంపులోనే ఉన్నాడు సార్," అన్నారు సూరిబాబు గారు.

"ఔట్‌పాస్ ఎవరికి? అతనికేగా? ఫొటో ఎవరిని చూసి పోల్చుకోవాలి? సంతకం ఎవరు పెడతారు, మీరా?"

"మేం ప్రతినిధులం గద సార్," అన్నాడు కాక.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. నా నవ్వు అప్పుడు ఆగింది. గంగారాంను వెంట తీసుకురావడం అవసరమని మా ముగ్గురిలో ఒక్కడికీ తోచలేదు. ఆ క్యాంపులో మామూలు మనిషి ఆఫీసరు ముందుకు వెళ్ళే అలవాటే లేదు. జ్వరమొస్తే అధ్యక్షుడు చెప్పాలి, సెలవు కావాలంటే అధ్యక్షుడు అడగాలి. మనిషికి బదులు మాట్లాడే మనిషి ఉన్నప్పుడు, మనిషితో పనేముంది? బయలుదేరేటప్పుడు నేనూ రానా అని అడిగిన గంగారాంతో కాక స్వయంగా అన్నాడు, "నువ్వొచ్చి ఏం జేస్తవురా, నోరు జారుతవు. మేమున్నం గద." నేను పక్కనే ఉన్నాను. తల ఊపాను కూడా.

ఆఫీసరు మంచివాడు. "సాయంత్రం అసర్ నమాజు దాకా ఇక్కడే ఉంటాను. ఉత్తరాలేం వద్దు. అతన్ని, అతన్ని ఎరిగినవాణ్ణి ఒకణ్ణి తీసుకురండి," అన్నాడు. బయటికి పరుగెత్తాం. ట్యాక్సీ దొరికింది. ముందు సీటులో ఎవరు కూర్చోవాలన్న తగువు వచ్చింది. నమ్మండి, ఆ ఎండలో, ఆ తొందరలో వచ్చింది. పాకిస్తానీ డ్రైవరు, "భాయ్, నడవాలా వద్దా?" అని అరిచేదాకా సాగింది. చివరికి ఇద్దరినీ వెనక్కి తోసి నేను ముందు కూర్చున్నాను. క్యాంపుకు వెళితే గంగారాం లేడు. ఆ రోజు ప్లాంటులో అత్యవసర పని, లోపలికి తీసుకెళ్ళారు. ప్లాంటు గేటు దాటడానికి పర్మిట్ కావాలి. ముదీర్ తన పొట్టతో సహా పరుగెత్తి, ఫోన్లు చేసి, అతన్ని బయటికి రప్పించాడు. గంగారాం వెల్డింగ్ మసితోనే బండెక్కాడు. ఖోబర్ చేరేసరికి స్కూలు గదిలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఊడ్చే మనిషి చీపురు ఆపి, రెండు వారాల తరవాత రమ్మన్నాడు. అప్పట్లో ఎంబసీ ఉన్న రియాద్‌కు వెళ్ళాలన్నా స్పాన్సరు, అంటే కంపెనీ యజమాని, రాసిచ్చిన కాగితం కావాలి. స్పాన్సరు ఊళ్ళో లేడు. తిరిగొచ్చేటప్పుడు బండిలో గంగారాం, "డ్యూటీ బట్టల మీద్నే వస్తిని, ఫొటో ఎట్ల దిగుదునో," అన్నాడు, తప్పు తనదే అయినట్టు.

మూడో శుక్రవారం గంగారాం, నేను, ఇద్దరమే వెళ్ళాం. అతను తలకు నూనె పెట్టుకుని, నా ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆఫీసరు పేరు అడిగాడు, తండ్రి పేరు అడిగాడు, ఊరు అడిగాడు. "నిన్ను ఎరిగినవాళ్ళు ఎవరు?" అన్నాడు. నేను చెయ్యెత్తాను. నీ ప్రతినిధి ఎవరని అడగలేదు. స్టాంపు అడగలేదు. పావుగంట పట్టింది. శనివారం ఔట్‌పాస్ ముదీర్‌కు ఇస్తే, ఆయన మాట ప్రకారం మంగళవారానికి ఎగ్జిట్ అయింది, సాయంత్రం విమానం. నర్సయ్య ఆ ముందటి ఆదివారమే పోయాడు. బయలుదేరబోతున్నవాడికి ఎందుకని ఇంట్లోవాళ్ళు ఫోనులో చెప్పలేదు. హైదరాబాదులో విమానం దిగి గుండు చేయించుకున్న చిన్నాన్న కొడుకును చూసినప్పుడు అతనికి తెలిసింది.

కబురు క్యాంపుకు గురువారం చేరింది. మధ్యాహ్నం భోజనాల గదిలో నేను ఒక్కణ్ణే కూర్చుని ఉంటే రాజలింగం కాక వచ్చి నా ముందు లెటర్‌ప్యాడు పెట్టాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సంతాపం రాయిరా. క్యాంపు తరఫున," అన్నాడు. ఆయన వెనకే సూరిబాబు గారు, చేతిలో ఇంకో ప్యాడు. "మల్లేశం గారూ, మాది కూడా..." అని ఆగిపోయారు. ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఎవరిది ముందు రాస్తానా అని చూస్తున్నారని నాకు తెలుసు. తాతయ్య వంటగదిలోంచి గరిటెతోనే వచ్చాడు. ఆయన గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు, అప్పుడూ పెంచలేదు.

"ఇద్దరూ కలిసి ఒక్క మనిషిని పంపలేకపోయారు కదండీ," అన్నాడు. "ఇంక ఊరుకోండి."

సూరిబాబు గారు ఏసీ కింది బల్ల దగ్గర కూలబడి, తల వంచుకుని ఏడ్చారు. కాక వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. నేను పెన్ను మూత పెట్టాను.

వాళ్ళను తిట్టుకోవడం సులువు, ఎన్నో ఏళ్ళు తిట్టుకున్నాను. కాని వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు పచ్చకామెర్లు వస్తే రాజలింగం కాక నన్ను భుజాన వేసుకుని ఆసుపత్రికి నడిచాడు. ఇంగ్లీషులో నా పేరు రాయడం నేర్పింది సూరిబాబు గారు, ఆ రాయని పెన్నుల్లో ఒకదానికి కొత్త రీఫిల్ వేసి మరీ నేర్పారు. ఎవరి తరఫునో నిలబడాలన్న కోరికలో మంచి కూడా ఉంటుంది. నిలబడేవాడికి అలవాటైపోయి, తను ఎవరి కోసం నిలబడ్డాడో వెనక్కి తిరిగి చూడకపోవడమే నన్ను ఇప్పటికీ విసిగించేది. అంత తెలిసినవాణ్ణి, మరి ఆ రెండు ఉత్తరాలు ఎందుకు రాశాను? కాకతో నేను రాయనే అని ఉండవచ్చు. గంగారాంతో నువ్వు కూడా రారా అని ఉండవచ్చు. అనలేదు, ఎందుకంటే అది నవ్వొచ్చే పని. క్యాంపు అంతటిలో ఆ రెండు ఉత్తరాలనూ కలిపి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పటికీ ఇప్పటికీ తేడా చెప్పమంటే, పనులు సులువయ్యాయి. ఇప్పుడు చాలా కాగితాలకు ఫోనులోనే తేదీ తీసుకోవచ్చు, మనిషి తనంత తాను వెళ్ళి నిలబడవచ్చు. అప్పుడు పాస్‌పోర్టు బీరువాలో, ఊరికి మాట టెలిఫోను బూత్‌లో, ఆఫీసరు రెండు వారాల అవతల. ఇన్ని అడ్డంకులు పోయినా ప్రతినిధుల సంఖ్య మాత్రం తగ్గలేదు, చదువుకున్నవాళ్ళయ్యేసరికి ఉత్తరాల్లో అచ్చుతప్పులు తగ్గాయి. అప్పటి వాళ్ళకు చదువు లేదని సరిపెట్టుకునేవాణ్ణి. ఇప్పటి వాళ్ళను చూశాక ఆ ఊరట కూడా పోయింది.

గంగారాం మళ్ళీ గల్ఫుకు రాలేదు. ఊళ్ళో పసుపు వేస్తాడు, తమ్ముడి పిల్లలను తనే చదివించాడు. ఆ ఉత్తరాల సంగతి అతను ఏనాడూ ఎత్తలేదు, నేను ఎత్తడానికి ధైర్యం చెయ్యలేదు. పండగలకు ఫోను చేసుకుంటాం. కిందటిసారి చేసినప్పుడు, మా వయసువాళ్ళం మాట్లాడుకునే మాటే కదా అని, ఒంట్లో ఎట్లుందిరా అని అడిగాను.

"నాకేమైతదన్నా. మొన్న ఊర్ల డాక్టర్లొచ్చి అందరికి పరీక్షలు జేసిన్రు. షుగరు లేదు, బీపీ లేదు," అన్నాడు. నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"రెండు కిడ్నీలు గూడ మంచిగనే ఉన్నయంట. ఈ వయసుకు గింత మంచిగ ఎవ్వలకుండయని డాక్టరమ్మ మస్తు సంతోషపడ్డది," అన్నాడు గంగారాం.